లాక్ చేశాక ఎందుకంత సేపు?

కర్నూలులో టీవీ క్విజ్ షో గురించి మాటొస్తే రెండు ఫిర్యాదులు తప్పకుండా వినిపిస్తాయి. "ఊరికే సాగదీస్తాండారప్పా" అనేది ఒకటి. "ఆయప్పకు సులువైనవి అడిగి, ఈయమ్మకు కష్టమైనవి ఇచ్చినారు" అనేది ఇంకొకటి. మొదటిది వేగం గురించి, రెండోది న్యాయం గురించి. ఈ రెండింటికీ సంబంధం లేదన్నట్టే అందరూ మాట్లాడతారు. సాగదీత చికాకు మాత్రమేననీ, అన్యాయం అసలు తప్పనీ అనుకుంటారు. ఆట ఎలా నడుస్తుందో కొంచెం విప్పి చూస్తే రెండు ఫిర్యాదులూ ఒకే ప్రశ్న దగ్గరికి చేరతాయి. ఆ గంటలో ఎవరి సమయాన్ని ఎవరు ఖర్చు పెడుతున్నారు?

తెలుగులో ఈ ఆట 2014 జూన్‌లో మాటీవీలో నాగార్జున హోస్ట్‌గా "మీలో ఎవరు కోటీశ్వరుడు" అనే పేరుతో మొదలైంది. ఆయన మూడు సీజన్లు నడిపారు. 2017లో నాలుగో సీజన్‌కు చిరంజీవి వచ్చారు. తర్వాత నాలుగేళ్లు ఖాళీ. 2021 ఆగస్టు 22న పేరు కాస్త తిరగేసుకుని "ఎవరు మీలో కోటీశ్వరులు"గా జెమిని టీవీలో మళ్లీ మొదలైంది. ఈసారి హోస్ట్ జూనియర్ ఎన్టీఆర్, తొలి రోజు అతిథి రామ్‌చరణ్. ఆ నవంబరులో తెలంగాణకు చెందిన ఒక ఎస్సై కోటి రూపాయలు గెలిచారు. ఈ ఆటకు మూలం 1998 సెప్టెంబరులో బ్రిటన్‌లో ఐటీవీ మొదలుపెట్టిన షో. హిందీలో అది 2000 జూలై 3న అమితాబ్ బచ్చన్‌తో వచ్చింది. ఆగడం, మళ్లీ రావడం దీనికి కొత్తేమీ కాదు. హిందీలో 2005లో ఒకసారి, 2010లో చానల్ మారి ఇంకోసారి తిరిగొచ్చింది. బ్రిటన్‌లో 2014లో మూసేసిన షోను 2018లో మళ్లీ తెరిచారు. తిరిగొచ్చిన ప్రతిసారీ ప్రేక్షకులు పాత సీజన్‌తో పోల్చి చూశారు. "అప్పుడు ఇంత లాగేవాళ్లు కాదు" అన్న మాట ప్రతిచోటా వినిపించింది. నిజానికి అప్పుడూ లాగేవాళ్లు. మధ్యలో చూసేవాళ్ల అలవాట్లు మారిపోయాయి. ఫోన్‌లో వీడియోను ముందుకు జరుపుకుంటూ చూడడం నేర్చిన చేతికి, టీవీలో జరపడానికి వీల్లేని రెండు నిమిషాలు చాలా పెద్దవి.

కర్నూలు ప్రేక్షకులకు ఇంకో ప్రత్యేకత ఉంది. ఇక్కడ చాలా ఇళ్లలో ఏదో ఒక పోటీ పరీక్షకు చదివే మనిషి ఒకరైనా ఉంటారు. పక్కనే నంద్యాల, బ్యాంకు కోచింగ్‌కు రెండు రాష్ట్రాల్లోనూ పేరున్న ఊరు. కర్నూలులోనూ గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ అంటూ హాస్టళ్లలో, అద్దె గదుల్లో, జిల్లా గ్రంథాలయంలో ఏళ్ల తరబడి చదివేవాళ్లు ఉన్నారు. వీళ్లు క్విజ్ షోను వినోదంగా చూస్తూనే, మనసులో పరీక్ష హాలు కొలతలు పెట్టుకుంటారు. బ్యాంకు పరీక్షలో తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది, గ్రూప్ 2లో మూడో వంతు పోతుంది. డీఎస్సీని ఒకటి కంటే ఎక్కువ పూటల్లో పెడితే, పేపర్ల కష్టంలో తేడాను సరిచేయడానికి నార్మలైజేషన్ ఉంటుంది. ప్రాథమిక కీ వస్తుంది, అభ్యంతరాలు పెట్టుకోవచ్చు, తర్వాత తుది కీ వస్తుంది. ఇన్ని ఏర్పాట్లకు అలవాటు పడిన మనిషి, హాట్ సీట్‌లో, అంటే హోస్ట్ ఎదుటి కుర్చీలో, ఒకరికి ఒక ప్రశ్న, ఇంకొకరికి ఇంకో ప్రశ్న వేసే ఆటను చూస్తే అనుమానపడక ఏం చేస్తాడు? సీమలో "అన్యాయం" అనే మాట అంత తొందరగా రావడానికి ఇదొక కారణం. పరీక్ష రాసి రాసి, న్యాయమంటే ఎలా ఉండాలో వీళ్లకు బాగా తెలుసు.

అయితే పరీక్షకూ ఈ ఆటకూ ఒక మౌలికమైన తేడా ఉంది. పరీక్షలో సమయం అందరికీ సమానం. నూట యాభై నిమిషాలంటే అందరికీ నూట యాభై నిమిషాలే. ఇక్కడ ఒక మనిషి తీసుకున్న సమయం మరో మనిషి నుంచి పోతుంది. కుర్చీ ఎవరికో తేల్చే ఫాస్టెస్ట్ ఫింగర్ పోటీ దగ్గర కూర్చున్నవాళ్లందరూ హాట్ సీట్ కోసం ఎదురుచూస్తుంటారు. ఉన్న ఎపిసోడ్‌లు ఇన్నేనని ముందే లెక్క. ఒకరి ఆట ఎంత సాగితే, మిగతావాళ్లకు కుర్చీ దక్కే అవకాశం అంత తగ్గుతుంది.

ఊహకు ఒక లెక్క వేసుకోవచ్చు. టీవీలో గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదనేది నిబంధన. మిగిలేది 48 నిమిషాలు. అందులో పలకరింపులకు, ఫాస్టెస్ట్ ఫింగర్‌కు, ఆటగాడి జీవితం మీద చూపించే వీడియోకు ఎనిమిది నిమిషాలు తీసేద్దాం. ఆటకు 40 నిమిషాలు మిగులుతాయి. ప్రశ్నకు నాలుగు నిమిషాలు పట్టితే రోజుకు పది ప్రశ్నలు. అదే రెండున్నర నిమిషాలైతే పదహారు. 2021లో షో సోమవారం నుంచి గురువారం దాకా వచ్చేది. అంటే వారానికి నలభై ప్రశ్నలా, అరవై నాలుగా అన్నది తేడా. ఒక్కొక్కరు సగటున పది ప్రశ్నలు ఆడతారనుకుంటే, వారానికి నలుగురికి బదులు ఆరుగురు హాట్ సీట్ దాకా వస్తారు. సీజన్ మొత్తానికి లెక్కేస్తే, కుర్చీ ఎక్కకుండానే బస్సెక్కి ఇంటికి తిరిగొచ్చేవాళ్ల సంఖ్య ఎంత మారుతుందో చూడండి. సాగదీత అన్యాయానికి దారి తీసేది ఇక్కడే.

అలాగని షోను మొత్తంగా ఉరుకులు పెట్టించాలని కాదు. సమయం ఎక్కడ పోతున్నదో చూస్తే ప్రతి ప్రశ్నకూ రెండు భాగాలు కనిపిస్తాయి. ప్రశ్న తెర మీదికి వచ్చినప్పటి నుంచి ఆటగాడు జవాబు లాక్ చేయమనే దాకా మొదటి భాగం. లాక్ చేసిన క్షణం నుంచి తప్పో ఒప్పో చెప్పే దాకా రెండోది. మొదటి భాగంలో ఆట ఉంది. రెండో భాగంలో ఆట అయిపోయింది. ఇక ఆటగాడు చేయగలిగింది ఏమీ లేదు, జవాబు మారదు. ఆ సంగీతం, ముఖం మీదికి మెల్లగా వచ్చే కెమెరా, హోస్ట్ మౌనం, సరిగ్గా అప్పుడే పడే బ్రేక్, ఇవన్నీ చానల్ సమయం. మొదటి భాగం ఆటగాడి సమయం. "సాగదీస్తున్నారు" అని విసుక్కునే అభిమాని ఈ రెంటినీ కలిపే తిడతాడు. గుచ్చి అడిగితే మాత్రం అతనికి మండేది రెండోదానితోనే. "లాక్ చేసినాక ఇంగ చెప్పేయొచ్చు గదా" అన్న మాటలో ఆ తేడా స్పష్టంగా ఉంది.

విచిత్రం ఏమిటంటే, వేగం పెంచాలనుకున్నప్పుడల్లా నిర్వాహకులు కత్తెర వేసింది మొదటి భాగానికే. అమెరికాలో 2008లో గడియారం తెచ్చారు. మొదటి ఐదు ప్రశ్నలకు 15 సెకన్లు, తర్వాతి ఐదింటికి 30, ఆ పైన నాలుగింటికి 45. మిగుల్చుకున్న సెకన్లన్నీ చివరి ప్రశ్నకు కలిసేవి. హిందీలో 2010 నుంచి కింది మెట్లకు గడియారం ఉంది, పై మెట్లకు లేదు. బ్రిటన్‌లోనూ 2010లో పెట్టారు కానీ, 2018లో షోను మళ్లీ తెరిచినప్పుడు పాత పద్ధతికే వెళ్లారు. ఆటగాడి ఆలోచనకు సెకన్లు లెక్క పెట్టారు. లాక్ తర్వాతి మౌనానికి మాత్రం ఎవరూ గడియారం కట్టలేదు. కట్టరు కూడా. బ్రేక్‌కు ముందు జనాన్ని పట్టి ఉంచేది ఆ మౌనమే.

గడియారం వేగాన్ని పెంచుతుంది, సరే. న్యాయాన్ని ఎటు జరుపుతుంది? కోచింగ్ సెంటర్‌లో రోజుకు వంద బిట్లు చేసే కుర్రాడికి 45 సెకన్లు చాలా ఎక్కువ. అతని కన్ను ముందు ఆప్షన్ల మీదికి వెళ్తుంది, రెండింటిని కొట్టేస్తుంది, మిగతా రెంటిలో తేల్చుకుంటుంది. ఆదోని పక్క పల్లె నుంచి వచ్చిన గృహిణికో, రిటైరైన పంతులుకో అదే ప్రశ్నకు జవాబు తెలిసే ఉండొచ్చు. కానీ వెలుతురు, కెమెరా, ఎదురుగా సినిమా హీరో, చెమట. మొదటి రెండు ప్రశ్నలకు గొంతు పెగలదు. చూసేవాళ్లు సోఫాలో కూర్చుని "ఇంత చిన్న ప్రశ్నకా" అంటారు. ఆ కుర్చీలో కూర్చుంటే చిన్న ప్రశ్న అనేది ఉండదు. అంటే గడియారం వల్ల తెలివి కంటే అలవాటుకు ఎక్కువ మార్కులు పడతాయి. పరీక్షలకు తయారైనవాళ్లకే మేలు జరుగుతోందని ఒకవైపు గొణుగుతూ, ఇంకోవైపు ఆటగాళ్లకు సమయం తగ్గించమనేవాళ్లు ఈ సంగతి గమనించాలి. ఆ రెండు కోరికలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి.

గడియారం వద్దనే వాదనకు గట్టి ఎదురుదెబ్బ ఒకటుంది. 2001లో బ్రిటన్‌లో చార్లెస్ ఇంగ్రామ్ అనే సైనికాధికారి పది లక్షల పౌండ్ల ప్రశ్న దాకా వెళ్లి గెలిచాడు. ఆప్షన్లను ఒక్కొక్కటిగా పైకి చదువుతూ, అటూ ఇటూ ఊగుతూ చాలా సేపు తీసుకున్నాడు. సరైన ఆప్షన్ దగ్గర దగ్గు వినిపించిందని నిర్వాహకులు అనుమానించారు. సొమ్ము ఆపేశారు, కేసు నడిచింది. 2003లో అతన్నీ, అతని భార్యనూ, దగ్గిన మరో పోటీదారునూ కోర్టు దోషులుగా తేల్చింది. గడియారం ఉండి ఉంటే అంత తీరుబడిగా దగ్గు కోసం ఎదురుచూడడం కుదిరేది కాదు. ఈ మాటలో నిజం ఉంది. కానీ ఒక దొంగ కోసం అందరి ఆలోచనకూ తాళం వేయాలా, స్టూడియోలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది సరిచూసుకోవాలా అన్నది వేరే ప్రశ్న. పరీక్షలో కాపీ కొట్టేవాళ్లున్నారని పరీక్ష సమయం తగ్గించరు, ఇన్విజిలేటర్లను పెంచుతారు.

పై మెట్ల దగ్గర ఆటగాడు తీసుకునే సమయాన్ని అసలు ముట్టుకోకూడదు అనడానికి ఇంకో కారణం ఉంది. అక్కడ అతను ఆలోచించేది జవాబు గురించి మాత్రమే కాదు. కోటి రూపాయల మెట్ల వరుసలో పదో ప్రశ్నకు 3 లక్షల 20 వేలు, అది ఖాయం సొమ్ము, ఆ పైన తప్పు చెప్పినా చేతికొచ్చేది. ఆ పైన 6 లక్షల 40 వేలు, 12 లక్షల 50 వేలు, 25 లక్షలు, 50 లక్షలు, కోటి. 12 లక్షల 50 వేల దగ్గర ఉన్న మనిషి 25 లక్షల ప్రశ్నకు తప్పు చెబితే 3 లక్షల 20 వేలకు పడిపోతాడు. ఒప్పయితే పన్నెండున్నర లక్షలు పెరుగుతాయి, తప్పయితే 9 లక్షల 30 వేలు పోతాయి. లెక్క ప్రకారం 43 శాతం నమ్మకముంటే చాలు, ఆడడమే లాభం. చేతిలో రెండు తప్పు ఆప్షన్లను తీసేసే ఫిఫ్టీ ఫిఫ్టీ ఉండి, మిగిలిన రెంటిలో ఏదో తెలియకపోయినా గుడ్డిగా ఒకటి చెప్పడం మేలని కాగితం చెబుతుంది. 50 లక్షల నుంచి కోటికి వెళ్లడానికి 48 శాతం దాకా కావాలి. ఇదంతా కాగితం మీద.

ఆ కుర్చీలో కూర్చున్నది వేరుశనగ పంట రెండేళ్లు వరుసగా పోయిన రైతు కొడుకైతే లెక్క మారుతుంది. పన్నెండున్నర లక్షల్లో 30 శాతం పన్ను పోయినా అప్పు తీరుతుంది, చెల్లెలి పెళ్లి గడుస్తుంది. 3 లక్షల 20 వేలకు పడిపోతే వడ్డీ కూడా తీరదు. అతనికి ఆ 9 లక్షల నష్టం, 12 లక్షల లాభం కంటే చాలా పెద్దది. అందుకే అతను నిమిషాల తరబడి తలపట్టుకుంటాడు, చివరికి ఆడకుండా ఉన్న సొమ్ముతో దిగిపోతాడు. బయట "ధైర్యం చేయలేకపోయినాడు" అంటారు. నెలనెలా జీతం వచ్చే మనిషి అదే చోట ధైర్యం చేసి గెలిస్తే "గుండె ఉన్నోడు" అంటారు. ఒకే ప్రశ్న, ఒకే మెట్టు. కానీ ఇంటి పరిస్థితి వేరైతే ఆట వేరవుతుంది. బ్రిటన్ వాళ్లు 2018లో దీనికి ఒక చిన్న మార్పు చేశారు. రెండో ఖాయం మెట్టు ఎక్కడ పెట్టుకోవాలో ఆటగాడే చెప్పుకోవచ్చు. తెలుగులో ఈ వెసులుబాటు ఉంటే ఆ రైతు కొడుకు 12 లక్షల 50 వేల దగ్గరే గట్టు కట్టుకుని, ఆ పైన నిశ్చింతగా ఆడేవాడు. అభిమానులు అడిగే మార్పుల్లో ఇది ఎక్కడా వినిపించకపోవడం ఆశ్చర్యం. హోస్ట్‌ను మార్చమనేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉంటారు. ఆ గొడవ సంగతి అభిమాన సంఘాలు చూసుకుంటాయి.

"లాక్ చేయమంటారా?" అన్న ప్రశ్న మీద కూడా చాలామందికి విసుగు. ప్రతిసారీ అదే అడగాలా, మనిషి బి అన్నాక బి అన్నట్టే కదా అంటారు. ఇది మాత్రం సాగదీత కింద వేయకూడదు. హోస్ట్ జవాబు తప్పయినప్పుడు మాత్రమే ఇలా అడిగితే అది క్లూ అవుతుంది. ఒప్పయినప్పుడు మాత్రమే అడగకుండా వదిలేసినా క్లూయే. ఒప్పయినా, తప్పయినా, వెయ్యి రూపాయల ప్రశ్నయినా, కోటి ప్రశ్నయినా ఒకే మాటను ఒకే గొంతుతో అడిగితేనే ఆ మాటలోంచి ఆటగాడికి ఏమీ అందదు. అందుకే అది తంతులా ఉంటుంది, ఉండాలి. సులువైన ప్రశ్నల దగ్గర ఆ తంతును దాటేసి, కష్టమైనచోట "మళ్లీ ఒకసారి ఆలోచించుకోండి" అనే హోస్ట్ వేగం పెంచినట్టు కనిపిస్తాడు కానీ న్యాయాన్ని తగ్గిస్తున్నాడు. హోస్ట్ కొందరికి సాయం చేస్తున్నాడన్న అనుమానం పుట్టేది కూడా ఇలాంటి చోటే. దయతో అన్న మాటయినా సరే, పక్కన ఎదురుచూసేవాళ్లకు ఆ దయ అందలేదు.

ఇక ఫాస్టెస్ట్ ఫింగర్. హాట్ సీట్‌కు చేర్చేది ఇదే, అయినా అభిమానులు దీని గురించి తక్కువ మాట్లాడతారు. నాలుగింటిని వరుసలో పెట్టాలి, అందరికంటే ముందు సరిగ్గా పెట్టినవాళ్లకు కుర్చీ. సెకనులో చిన్న భాగంతో సీజన్ ఆశలు పోయేవాళ్లు ఉంటారు. ఒకే ప్రశ్న మీద ఆధారపడడం వల్ల ఆ ఒక్క విషయం ఎవరికి తగిలితే వాళ్లే వెళ్తారు. హిందీ షో 2021లో దీన్ని మూడు ప్రశ్నలుగా మార్చింది. మూడింటిలో ఎక్కువ ఒప్పులు, తక్కువ సమయం ఎవరివో చూసేవారు. దీనికి రెండు నిమిషాలు అదనంగా పడతాయి. సాగదీత అని అనేవాళ్లు అన్నారు కూడా. కానీ షో మొత్తంలో ఒక్కచోట రెండు నిమిషాలు పెంచమంటే ఇక్కడే పెంచాలి. ఆ రెండు నిమిషాలూ లాక్ తర్వాతి మౌనం నుంచి తీసుకుంటే ఎపిసోడ్ పొడవు సెకను కూడా పెరగదు.

జవాబు తెలియనప్పుడు ఆటగాడు వాడుకునే సాయాలైన లైఫ్‌లైన్‌లలో న్యాయం గురించి ఎక్కువ వాదన జరిగేది ఫోన్ దగ్గర. ముప్పై సెకన్లలో మిత్రుడు చెప్పాలి. అవతలి మనిషి పక్కన ఇంటర్నెట్ పెట్టుకుని కూర్చుంటే? అమెరికాలో ఈ కారణంతోనే 2010లో ఫోన్ లైఫ్‌లైన్‌ను తీసేశారు. కరోనా కాలంలో స్టూడియోకు జనం రావడం కుదరక హిందీలో ఆడియన్స్ పోల్ ఆపి, వీడియో కాల్ పెట్టారు. వీడియోలో మనిషి కళ్లు ఎటు తిరుగుతున్నాయో కనిపిస్తుంది కాబట్టి మోసం తగ్గుతుంది. అదే సమయంలో సిగ్నల్ అందని పల్లెలో ఉన్న మిత్రుడు పనికిరాకుండా పోతాడు. పెద్ద ఊళ్లో స్నేహితులున్నవాళ్లకు ఇక్కడ ఒక మెట్టు కలిసొస్తుంది. అమెరికా షో లెక్కల్లో స్టూడియో జనం 91 శాతం సార్లు సరిగ్గా చెబితే, ఫోన్ మిత్రులు 65 శాతం దాకా చెప్పారని తేలింది. జనం మేధావులని దీనర్థం కాదు. పోల్‌ను సాధారణంగా కింది మెట్ల దగ్గరే వాడేస్తారు, ఫోన్‌ను కష్టమైన ప్రశ్నకు దాచుకుంటారు. ఆ తేడాలో కొంత ప్రశ్నలదే.

ప్రశ్నల కష్టం దగ్గరికి వస్తే కర్నూలు ఫిర్యాదు బలంగా ఉంటుంది. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఏది అని అడిగితే కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల ఏడో తరగతి పిల్ల కూడా చెబుతుంది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక 1937లో జరిగిందన్నది ఇక్కడ గ్రూప్స్ చదివేవాళ్లకు నోటికొచ్చిన పాఠం. ఇవే ప్రశ్నలు ఆదిలాబాద్ మనిషికో, శ్రీకాకుళం మనిషికో వేరే బరువుతో ఉంటాయి. అటువైపు ప్రశ్నలు మనకూ అంతే. రెండు రాష్ట్రాలు, ఎన్నో ప్రాంతాలున్న భాషలో అందరికీ ఒకే కష్టంతో ఉండే ప్రశ్న దొరకదు. అందుకే ప్రశ్నల తయారీదారులు సులువైన దారి పడతారు, సినిమా. హీరో పేరు, పాట పల్లవి, డైలాగు వినిపించి సినిమా చెప్పమనడం. చదువుకున్నవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు కానీ, ప్రాంతభేదం లేకుండా తెలుగువాళ్లందరికీ ఉమ్మడిగా తెలిసిన విషయాల్లో సినిమాదే పెద్ద వాటా. న్యాయం కోణంలో చూస్తే కింది మెట్లకు సినిమా ప్రశ్న మంచి ఎంపిక. ఏడో ఎనిమిదో మెట్టు మీద కూడా అదే వస్తేనే ఇబ్బంది. థియేటర్ ముఖం చూడకుండా చదువుకున్న మనిషికి అక్కడ దెబ్బ తగులుతుంది.

సెలబ్రిటీ ఎపిసోడ్‌ల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. 2021 సీజన్‌లో రాజమౌళి, కొరటాల శివ, సమంత, మహేశ్‌బాబు లాంటివాళ్లు వచ్చారు. అది వేరే షో, అదే సెట్‌లో జరుగుతుంది. ప్రశ్నలు తేలికయ్యాయా అని కొలవడం అనవసరం. దానికి ఎన్ని రాత్రులు పోయాయి, ఆ రాత్రుల్లో మామూలు మనుషులు ఎందరు ఆడేవాళ్లు అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే.

కష్టాల వీడియోల మీద అభిప్రాయాలు రెండుగా చీలిపోయాయి. "కష్టాలు అమ్ముకుంటున్నారు" అనేవాళ్లున్నారు. కోసిగి నుంచో, మంత్రాలయం వైపు నుంచో గుంటూరు మిరప చేలకు వలస పోయే కుటుంబాలను ఎరిగినవాళ్లకు ఆ వీడియోలు అంత తేలిగ్గా కొట్టిపారేసేవిగా అనిపించవు. టీవీలో తమలాంటి మనిషి ముఖం కనిపించేది అరుదు. వీడియో ఉండొచ్చు. అది ఆట మొదలయ్యే ముందు ఒకసారి వస్తే చాలు. 50 లక్షల ప్రశ్న ముందు మళ్లీ ఇంటిని, తల్లి కన్నీళ్లను చూపిస్తే, ఆటగాడి చేతులు వణకడం ఖాయం. రెండో వీడియో చూసేవాళ్లకు బాగుంటుంది. ఆడేవాడికి మాత్రం అది మోయలేని బరువు, పైగా అందరికీ ఒకేలా వేయని బరువు.

చివరిగా కీ సంగతి. పరీక్షలో ప్రశ్న తప్పయితే అభ్యంతరం పెట్టి మార్కు తెచ్చుకోవచ్చు. టీవీలో? 2006లో బ్రిటన్‌లో ఒక ప్రముఖ జంట దానం కోసం ఆడుతూ పది లక్షల పౌండ్ల ప్రశ్న దాకా వచ్చారు. అమెరికా నినాదాన్ని లాటిన్ నుంచి అనువదిస్తే ఏమవుతుందన్నది ప్రశ్న. వాళ్లు "ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్" అన్నారు. కావలసిన జవాబు "అనేకంలోంచి ఒకటి" అనే పాత లాటిన్ నినాదం. కానీ 1956 నుంచి అమెరికా అధికారిక నినాదం వాళ్లు చెప్పిందే. ప్రశ్నలో తికమక ఉందని నిర్వాహకులు ఒప్పుకుని, వాళ్లను మళ్లీ పిలిచి, వేరే ప్రశ్న ఇచ్చారు. ఈసారి వాళ్లు ఆడకుండా 5 లక్షల పౌండ్లతో దిగిపోయారు. ప్రముఖులు కాబట్టి అంత తేలిగ్గా జరిగిందా అని ఒక కర్నూలు అభిమాని అడిగితే తప్పు పట్టలేం.

తెలుగులో ఇలాంటి తికమకకు మన జిల్లాలే మంచి ఉదాహరణ. బెలుం గుహలు ఏ జిల్లాలో ఉన్నాయని 2021లో అడిగితే కర్నూలు అన్నది ఒప్పు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక జవాబు నంద్యాల. లేపాక్షి అప్పుడు అనంతపురం, ఇప్పుడు శ్రీ సత్యసాయి. ముందు రికార్డయి, ఆలస్యంగా ప్రసారమయ్యే షోలో, పాత ఎపిసోడ్‌లను మళ్లీ వేసే చోట ఇలాంటి ప్రశ్న వస్తే ఇంట్లో కూర్చున్న పరీక్షార్థి ముందు టీవీని తిడతాడు, తర్వాత తన నోట్సును అనుమానిస్తాడు. పరీక్ష బోర్డులు నోటిఫికేషన్ తేదీని ఆధారం చేసుకున్నట్టే, తెర మీద ఒక మూల రికార్డు చేసిన తేదీ వేస్తే ఈ తగాదా సగం తగ్గుతుంది. దానికి సెకను సమయం కూడా అక్కర్లేదు. అభ్యంతరం పెట్టుకునే ఆటగాడికి వారం రోజుల గడువు, దాన్ని ఎవరు చూస్తారో, నిర్ణయం ఎలా చెబుతారో నియమావళిలో ముందే రాసి ఉండడం, ఈ రెండూ వచ్చే సీజన్‌లో చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. చానల్ సిద్ధంగా ఉంటే, ఆ నియమావళిని ఆసాంతం చదివి అందులో తప్పులు పట్టడానికి కర్నూలు, నంద్యాల హాస్టళ్లలో కావలసినంత మంది ఉన్నారు.